నీలిఅట్టపై నెత్తుటి ముద్ర

అక్షరం రానివాణ్ణి మన వాడుకలో “వ్రేలిముద్రగాడు” అని ఈసడించడం పరిపాటి. చదువుకున్నవాడు చేవ్రాలు చేస్తాడు. చదువు లేనివాడు బొటనవ్రేలికి సిరా పూసుకొని నిశానీ వేస్తాడు. చేవ్రాలు గౌరవానికీ, నిశానీ అజ్ఞానానికీ గుర్తులైనాయి. కాని విచారించి చూస్తే ఈ రెండింటిలో మనిషిని విడువక అంటిపెట్టుకొని ఉండేది నిశానీయే. చేవ్రాలును మరొకడు అనుకరించవచ్చు. వార్ధక్యంలో చేయి వణికితే ఎవరి చేవ్రాలు వారికే పరాయిదిగా కనిపించవచ్చు. వ్రేలికొన మీది గీతలు మాత్రం తల్లి గర్భంలో ఏర్పడి, కడవరకూ ఆ తీరునే ఉంటాయి. పైచర్మం కాలినా, ఒరుసుకొనిపోయినా క్రొత్త చర్మం మీద మళ్ళీ ఆ గీతలే తలయెత్తుతాయి. ఒకే పోలికతో పుట్టిన కవలలకు సైతం అవి వేరువేరు.

ఈ సత్యాన్ని ఒక హత్యకేసులో న్యాయస్థానం తూచి చూడవలసి వచ్చిన తొలి సందర్భాలలో ఒకటి మన దేశంలోనే, 1897–98 సంవత్సరాలలో, వంగదేశపు ఉత్తరపు కొసన సంభవించింది. ఆ కేసులో ముద్ర ఎవరిదో తేలింది. హంతకుడు ఎవరో న్యాయస్థానం తేల్చలేదు. ఈ రెండు మాటల నడుమ ఉన్న దూరాన్ని గుర్తించడమే ఆ తీర్పులోని ఘనత.

భూటాను సరిహద్దున

హిమాలయ పాదాలకూ బంగాళా మైదానాలకూ మధ్య అడవులతో నిండిన ఒక పట్టీ ఉన్నది. భూటాను కొండలలోనికి పోయే కనుమలకు వాకిళ్ళు కనుక ఆ ప్రాంతానికి దువార్లు, అంటే ద్వారాలు, అని పేరు వచ్చింది. 1864–65లో భూటానుతో జరిగిన యుద్ధం తరువాత అది ఆంగ్లేయుల వశమైంది. 1870ల నుంచి అక్కడ అడవులు నరికి తేయాకు తోటలు వేశారు. ఛోటానాగపూరు నుంచి, నేపాళం నుంచి కూలీలు వచ్చారు. తోటకు ఒక మేనేజరు. అతనికి ఒక బంగళా. దూరంగా కూలీల గుడిసెలు. చుట్టూ అడవి. జల్పాయిగురి జిల్లాలోని ఆ తోటలలో మేనేజరు మాటే శాసనం.

1897వ సంవత్సరంలో అటువంటి ఒక తోట మేనేజరు తన పడకమీదనే గొంతు తెగి పడి ఉండగా కనిపించాడు. అతని దస్త్రాల పెట్టె తెరచి ఉన్నది. ఇనుపపెట్టెను ఖాళీ చేశారు. కొన్ని వందల రూపాయలు మాయమైనాయి. ఘాతుకాన్ని చూచినవారు ఒక్కరూ లేరు.

పోలీసులు వచ్చేసరికి అనుమానాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. హతుడు కూలీలచేత కఠినంగా పని చేయిస్తాడని పేరుపడ్డవాడు. కనుక కూలీలలో ఎవడో కక్ష తీర్చుకొని ఉంటాడన్నారు కొందరు. అతనికి ఒక స్త్రీతో సంబంధం ఉన్నది. ఆమె బంధువులే ఈ పని చేసి ఉంటారన్నారు మరికొందరు. దగ్గరలోనే దేశదిమ్మరులైన కాబూలీల గుంపు ఒకటి ఆ మధ్య విడిది చేసింది. వారిమీదా వ్రేలు చూపారు. వంటవాని బట్టలమీద నెత్తుటి చుక్కలు కనిపించాయి. ఇవికాక, మేనేజరు వద్ద పూర్వం నౌకరీ చేసినవాడు ఒకడున్నాడు. దొంగతనం చేసినందుకు మేనేజరే అతన్ని జైలుకు పంపించాడు. అతని పేరు కంగాలీ చరణ్. హత్యకు కొన్ని వారాల ముందే అతను విడుదలైనాడు. కాని అటుపిమ్మట ఆ జిల్లాలో అతన్ని చూచామని చెప్పగలవారు లేరు.

అనుమానితులందరినీ వరుసగా నిలబెట్టి చూస్తే ఒక విషయం స్ఫురిస్తుంది. కూలీలు, వంటవాడు, దేశదిమ్మరులు, జైలుకు పోయి వచ్చినవాడు—వీరంతా తమ పక్షాన మాట్లాడే దిక్కు లేనివారు. సంచారజాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టే చట్టం 1871 నుంచీ అమలులో ఉన్న రోజులవి. చూచిన సాక్షి లేని కేసులో అనుమానం ఎటు మొగ్గితే శిక్ష అటు పడే ప్రమాదం అక్కడ పొంచి ఉన్నది.

పావురం రక్తం

అందరిలోనూ ఎక్కువ ఆపదలో పడ్డవాడు వంటవాడు. అతను బంగళాలో ఉండేవాడు. అతని బట్టలమీద నెత్తురున్నది. “ఇది దొరగారి భోజనానికి కోసిన పావురం రక్తం” అన్న ధోరణిలో అతను చెప్పుకున్నాడు. హతుని ఇంటి వంటవాడు, నెత్తుటి బట్టలతో పట్టుబడి, ఈ మాట చెబితే నమ్మేవారెవరు?

ఆ మాట నిజమో కాదో తేల్చే సాధనం అప్పటికే మన దేశంలో ఉన్నది. ప్రభుత్వ రసాయన పరీక్షకుని కార్యాలయం మన దేశంలో మొట్టమొదట వెలసింది మద్రాసులోనే, 1849లో. నాటి ఆంధ్ర జిల్లాలలో అధికభాగం మద్రాసు రాజధానిలోనివే కనుక విషప్రయోగపు కేసులలో పరీక్షార్థం వస్తువులు అక్కడికే వెళ్ళేవి. ఆ తరువాత కలకత్తాలోనూ అటువంటి కార్యాలయం ఏర్పడింది.

రక్తపు మరకను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించడం ఆనాటి పద్ధతి. పాఠశాలలో జీవశాస్త్రం చదివే విద్యార్థులకు ఇందులోని కిటుకు సులభంగా బోధపడుతుంది. మనిషి, ఆవు, మేక వంటి క్షీరదాల రక్తంలోని ఎర్రకణాలు గుండ్రంగా ఉంటాయి. వాటిలో కేంద్రకం ఉండదు. పావురం, కోడి వంటి పక్షుల ఎర్రకణాలు కోలగా ఉంటాయి. నడుమ కేంద్రకం స్పష్టంగా కనిపిస్తుంది. క్షీరదాలలో ఒంటెజాతి కణాలు మాత్రం కోలగా ఉంటాయి. అయినా వాటిలో కేంద్రకం లేదు. కనుక పక్షిరక్తాన్ని క్షీరదరక్తం నుంచి వేరుచేసి చెప్పడం సాధ్యమే. అయితే ఆ రోజులలో శాస్త్రం అంతకుమించి నిశ్చయంగా చెప్పలేకపోయేది. ఫలానాది మనిషి రక్తమే, మేకరక్తం కాదు అని నిర్ణయించే విధానాన్ని జర్మను శాస్త్రజ్ఞుడు ఊలెన్‌హూట్ 1901లో గాని వెలువరించలేదు.

వంటవాని బట్టలు పరీక్షకు వెళ్ళాయి. పరీక్షకుని నివేదిక వంటవాని మాటనే బలపరచింది. ఎవరూ నమ్మదగని మాట నిజమని రుజువైంది. అపరాధ పరిశోధనలో శాస్త్రం చేసే మొదటి ఉపకారం దోషిని పట్టివ్వడం కాదు, నిర్దోషిని విడిపించడమన్న సంగతిని ఈ కేసు మొదటి మెట్టులోనే నిరూపించింది. కూలీలమీద, స్త్రీ బంధువులమీద, కాబూలీలమీద కూడ ఏ ఆధారమూ దొరకలేదు. ఒక్కొక్క అనుమానమే రాలిపోయింది. చేతిలో మిగిలింది శూన్యం.

రెండు గోధుమ మరకలు

అప్పుడు పరిశోధకుల దృష్టి దస్త్రాల పెట్టెలోని కాగితాల మీదికి మళ్ళింది. వాటి మధ్య వంగలిపిలో అచ్చయిన ఒక పంచాంగపు పుస్తకం ఉన్నది. దాని పైఅట్ట లేతనీలి రంగు కాగితం. దానిమీద రెండు మసక మరకలు, గోధుమ వన్నెవి, కనిపించాయి. భూతద్దం క్రింద పెట్టి చూడగా, వాటిలో ఒకటి కుడిచేతి వ్రేలిముద్రలో కొంతభాగమని తెలియవచ్చింది.

పదేండ్ల క్రితమైతే ఆ అట్టను ఎవరూ రెండవసారి చూచి ఉండరు. ఒకవేళ చూచినా, ముద్ర పోల్చుకొనేందుకు మరొక ముద్ర ఎక్కడుంటుంది? కాని ఆ 1897వ సంవత్సరంలో కలకత్తాలోని బంగాళా పోలీసు ప్రధాన కార్యాలయంలో అటువంటి ముద్రల భాండారం ఒకటి సిద్ధంగా ఉన్నది. అది ఎలా ఏర్పడిందో తెలుసుకొన్న తరువాతగాని కథ ముందుకు సాగదు.

నిశానీల భాండారం

1858లో బంగాళాలోని జంగీపురంలో విలియం హెర్షెల్ అనే ఉద్యోగి రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్‌తో ఒక ఒడంబడిక వ్రాయించుకున్నాడు. ఆ కాగితంమీద అతని అరచేతి ముద్ర వేయించాడు. తరువాత ఎవరూ “ఇది నాది కాదు” అనకుండా ఉండాలన్నదే హెర్షెల్ తలంపు. ఏళ్ళ తరబడి ముద్రలు సేకరించిన మీదట, కాలం గడచినా గీతలు మారవని అతను గ్రహించాడు. 1877లో హుగ్లీ జిల్లా మేజిస్ట్రేటుగా ఉంటూ రిజిస్ట్రేషన్లకు, జైలుకు ఈ పద్ధతిని వర్తింపజేశాడు. నేరస్థలంలో విడిచిన ముద్రలవల్ల నేరస్థుణ్ణి పట్టవచ్చునని హెన్రీ ఫోల్డ్స్ అనే వైద్యుడు జపాను నుంచి 1880లో వ్రాశాడు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో ఈ విషయంపై ఒక గ్రంథమే ప్రకటించాడు.

ఎడ్వర్డ్ హెన్రీ 1891లో బంగాళా పోలీసు ఇన్‌స్పెక్టరు జనరల్ అయినాడు. ఆనాడు నేరస్థులను గుర్తించడానికి ఫ్రాన్సులో బెర్తియ్యో కనిపెట్టిన అంగమాన పద్ధతి వాడుకలో ఉన్నది. తల పొడవు, చేతి పొడవు, పాదం పొడవు కొలిచి వ్రాసుకొనేవారు. కొలిచే చేయి మారితే కొలత మారేది. ముద్రకు ఆ దోషం లేదు. కాని ముద్రలకు మరొక చిక్కున్నది. వేలకొలది కాగితాలు పోగైతే కావలసినదాన్ని వెదకి తీయడం ఎట్లా? అకారాది క్రమం లేని నిఘంటువు ఎంత పెద్దదైనా ప్రయోజనమేమిటి?

ఈ చిక్కును విడదీయడానికి హెన్రీకి ఇద్దరు వంగీయులు తోడైనారు. ఒకరు ఖుల్నా ప్రాంతీయుడు, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివిన అజీజుల్ హక్. మరొకరు హేమచంద్ర బోస్. వీరి చేతులలో రూపొందిన వర్గీకరణ విధానం ఎంత సులభమో అంత చమత్కారమైనది.

వ్రేలికొనలమీది గీతలలో చాపం వలె వంగినవి, ఉచ్చు వలె మడిచి వెనుకకు తిరిగినవి, సుడి తిరిగినవి అని ముఖ్యభేదాలున్నాయి. శంఖాలని, చక్రాలని మన సాముద్రికులు లెక్కపెట్టేది ఈ గీతలనే. ఈ పద్ధతిలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ వ్రేలిమీద సుడి ఉన్నదా, లేదా? ఒక్కొక్క వ్రేలికి జవాబులు రెండు. పది వ్రేళ్ళకు, రెండును పదిసార్లు హెచ్చించగా, 1024 తరగతులు వస్తాయి. పది వ్రేళ్ళను ఐదు జంటలు చేసి, సుడి ఉన్న వ్రేలికి జంట వరుసనుబట్టి 16, 8, 4, 2, 1 అని విలువ కట్టారు. సుడి లేనిదానికి సున్న. ప్రతి జంటలో ఒక వ్రేలి విలువ లవంలోకి, రెండవదాని విలువ హారంలోకి చేరుతుంది. వచ్చిన మొత్తాలకు ఒకటేసి కలుపుతారు. ఏ వ్రేలిమీదా సుడి లేనివాడు 1/1. పదింటిమీదా ఉన్నవాడు 32/32. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలుమీద మాత్రమే ఉన్నవాడు 17/17. అడ్డంగా 32, నిలువుగా 32 అరలు గల బీరువా ఒకటి చేయించితే ప్రతి మనిషి కాగితానికీ ఒక అర సిద్ధం. లోపల మరికొన్ని ఉపవిభాగాలు. సుడులెన్నో చూచి లెక్కగట్టడం తెలిస్తే ఎంత పెద్ద గుట్టలోనైనా వెదకులాట నిమిషాల పని అవుతుంది.

1897 మార్చిలో ప్రభుత్వం నియమించిన సంఘం ఈ పద్ధతిని పరీక్షించింది. దానిలో సర్వేయరు జనరల్ స్ట్రాహన్, ప్రెసిడెన్సీ కళాశాలకు చెందిన రసాయనశాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ పెడ్లర్ సభ్యులు. అంగమానం కంటె వ్రేలిముద్రలే మేలని వారు నివేదించారు. జూన్ 12న భారత ప్రభుత్వం ఆ సలహాను అంగీకరించింది. ప్రపంచంలో మొట్టమొదటి వ్రేలిముద్రల కార్యాలయంగా కలకత్తా కార్యాలయం ప్రసిద్ధి పొందింది.

జోడు దొరకింది

నీలిఅట్ట ఆ కార్యాలయానికి చేరింది. పైన చెప్పిన లెక్కకు పది వ్రేళ్ళూ కావాలి. అట్టమీద ఉన్నది ఒక వ్రేలి ముద్రలో తునక మాత్రమే. ఇటువంటి సందర్భంలో కాళ్ళరిగేట్లు తిరిగి పోలీసులు సంపాదించిన అనుమానితుల పట్టికకు ఎంత విలువ ఉంటుందో చెప్పనవసరం లేదు. ఆ పట్టికలోని ఒకని ముద్రలు, దొంగతనం కేసులో శిక్షపడ్డవాడు కనుక, భాండారంలో భద్రంగా ఉన్నాయి. పోల్చి చూడగా అట్టమీది ముద్ర కంగాలీ చరణ్ కుడిచేతి బొటనవ్రేలి ముద్రతో గీతకు గీత సరిపోయింది.

ఇక్కడ విధి విలాసం వంటిది ఒకటి గోచరిస్తుంది. నౌకరు దొంగిలించాడని ఫిర్యాదు చేసి అతన్ని జైలుకు పంపినవాడు మేనేజరే. ఆ శిక్ష వల్లనే అతని ముద్ర కలకత్తా చేరింది. తన మరణానంతరం పనికివచ్చే సాక్ష్యాన్ని హతుడు తనకు తెలియకుండానే ముందుగా దాచిపెట్టుకున్నట్లయింది.

కంగాలీ చరణ్ దక్షిణాన, గంగకు ఆవల, వీర్భూం జిల్లాలో పట్టుబడ్డాడు. కలకత్తాకు తీసుకువచ్చి అతని కుడి బొటనవ్రేలి ముద్రను మళ్ళీ తీశారు. పాత ముద్ర, క్రొత్త ముద్ర, అట్టమీది ముద్ర—మూడూ ఒక్కటే. అట్టమీది గోధుమ మరకలు క్షీరద రక్తమేనని ప్రభుత్వ రసాయన పరీక్షకుడు ధ్రువీకరించాడు. ఇనుపపెట్టె తాళంచెవి కోసం దస్త్రాల పెట్టెలో కాగితాలు కెలికేటప్పుడు నెత్తురంటిన వ్రేలు అట్టకు తగిలి ఉంటుందని పోలీసుల ఊహ. ఒక్క ముద్రమీదనే ఆధారపడక, వారు దానికి తోడుగా ఇతర సాక్ష్యాన్నీ సేకరించారు.

తీర్పు

1898లో కేసు సెషన్సు న్యాయస్థానంలో విచారణకు వచ్చింది. మోపిన నేరాలు రెండు: హత్య, దొంగతనం. ఆ కాలంలో న్యాయమూర్తికి సలహా చెప్పడానికి అసెసర్లు అనే పౌరులు ప్రక్కన కూర్చొనేవారు. వారి ముందుకు వచ్చిన సాక్షి మునుపెన్నడూ వారు ఎరుగని సాక్షి. అది ప్రమాణం చేయదు, బెదరదు, లంచం తినదు, ఎదుటి వకీలు ఎన్ని ప్రశ్నలు వేసినా మాట మార్చదు. కాని అది పలికేది ఒకే ఒక్క మాట: “ఈ వ్రేలు ఈ అట్టను తాకింది.”

ఆ ఒక్క మాట నుంచి ఎంత దూరం పోవచ్చును? ఈ నౌకరుకు మేనేజరుమీద పగ ఉన్నది. పెట్టె తెరచిన చేయి అతనిది. ఆ చేతికి నెత్తురున్నది. ప్రక్కగదిలో శవమున్నదో, ప్రక్కమంచంమీద శవమున్నదో గాని, శవం ఉన్నది. ఇంతకంటె కావలసినదేమిటి అని తొందరపడేవారికి తోచవచ్చు. అసెసర్లు తొందరపడలేదు. దొంగతనం నిస్సంశయంగా రుజువైందని వారు తమ అభిప్రాయం తెలిపారు. హత్యను ఎవరూ చూడలేదు కనుక ఆ నేరం క్రింద శిక్షించడం క్షేమం కాదన్నారు. హతుని సొత్తు అపహరించినందుకే కంగాలీ చరణ్‌కు శిక్ష పడింది. అప్పీలులో కలకత్తా హైకోర్టు ఆ శిక్షను స్థిరపరచింది.

ఈ వివేకాన్ని కొంచెం విప్పి చూడాలి. గొంతు కోసినవాడు ఒకడు, పెట్టె తెరచినవాడు మరొకడు కారాదా? దొంగలు ఇద్దరో ముగ్గురో వచ్చి ఉండరాదా? ఈ ఊహ విచారణ తరువాత పుట్టినది కాదు. అట్టను కొట్టుకొన్న వ్రేలు హంతకునిదైనా కావచ్చు, అతని తోడివానిదైనా కావచ్చునని హెన్రీ తన వృత్తాంతంలో తానే వ్రాశాడు. మరకను పరీక్షించినవాడు క్షీరద రక్తమన్నాడేగాని మేనేజరు రక్తమనలేదు. ఆనాటి శాస్త్రానికి ఆ శక్తి లేదు. ముద్ర వేసిన వ్రేలును గుర్తిస్తుంది. కత్తి పట్టిన చేతిని కాదు. సాక్ష్యం ఎక్కడ ఆగిందో తీర్పు కూడ అక్కడే ఆగింది. సంశయఫలం ముద్దాయికే చెందాలన్న సూత్రాన్ని, అండలేని ఒక జైలుపక్షికి కూడ, వలసపాలన రోజులలో, ఒక జిల్లా న్యాయస్థానం వర్తింపజేసింది. హతుని పక్షాన చూస్తే న్యాయం కొరతపడిందనిపించవచ్చు. నిజమే, ఆ హత్యకు ఉరిగాని, ద్వీపాంతరంగాని ఎవరికీ పడలేదు. ఐనా ఊహతో ఉరితీయడం కంటె ఆ కొరత మేలు.

మరొక నెత్తుటి ముద్ర

దీనికి ఐదేళ్ళ ముందు, 1892లో, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో, నెకొచేయా అనే ఊళ్ళో ఇద్దరు పసిపిల్లలు హతులైనారు. తల్లి ఫ్రాన్సిస్కా రోహాస్ ఒక పరిచయస్థునిమీద నేరం మోపింది. పోలీసులు అతన్ని హింసించారు. అతను మాత్రం ఒప్పుకోలేదు. తరువాత అల్వారెస్ అనే అధికారి తలుపుమీద నెత్తుటి వ్రేలిముద్రను కనుగొని, ఆ చెక్కముక్కను కోయించాడు. వుసెటిచ్ అనే ఉద్యోగి నేర్పిన పద్ధతిలో పోల్చి చూడగా అది తల్లిదేనని తేలింది. ముద్రను ఎదుట పెట్టేసరికి ఆమె నేరం అంగీకరించింది. ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది.

రెండు కేసులకూ పోలిక ఎంతో, భేదమూ అంతే. నెకొచేయాలో ముద్ర తోవ చూపింది. నేరాంగీకారం ఆ తోవను గమ్యం దాకా చేర్చింది. జల్పాయిగురిలో అటువంటి అంగీకారం లేదు. అక్కడ ముద్ర తనంత తానుగా ఎంత బరువు మోయగలదో ఆ పరీక్ష జరిగింది. రెండింటిలోనూ ఒక నిర్దోషి—అక్కడ హింసలు పడ్డ పరిచయస్థుడు, ఇక్కడ నెత్తుటి బట్టల వంటవాడు—శాస్త్రం పుణ్యాన బయటపడ్డాడు.

తరువాతి కథ

1899లో భారత సాక్ష్య చట్టాన్ని సవరించి, వ్రేలిముద్రల గుర్తింపులో నిపుణుల అభిప్రాయం న్యాయస్థానంలో చెల్లుతుందని చేర్చారు. అదే సంవత్సరం ఇంగ్లండులోని డోవరులో జరిగిన విజ్ఞానసభలో హెన్రీ తన పద్ధతిని గురించి ప్రసంగించాడు; 1900లో గ్రంథం ప్రకటించాడు. 1901లో లండను స్కాట్లండు యార్డుకు వెళ్ళి అక్కడ వ్రేలిముద్రల శాఖను నెలకొల్పాడు. ఆ లండను నగరంలో వ్రేలిముద్ర సాక్ష్యంతో హత్యానేరం రుజువు కావడం 1905లోగాని జరగలేదు. సామాన్యంగా విద్యలు పడమటి నుంచి తూర్పుకు వచ్చాయని చెప్పే కాలంలో ఈ విద్య కలకత్తా నుంచి లండనుకు ప్రయాణం చేసింది.

విద్య ప్రయాణించినంత సులభంగా కీర్తి ప్రయాణించలేదు. లోకమంతటా ఆ విధానానికి “హెన్రీ పద్ధతి” అనే పేరు. అజీజుల్ హక్‌కు ఖాన్ బహదూర్, హేమచంద్ర బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు వచ్చాయి. బోస్ వ్రేలిముద్రల వివరాలను తంతి ద్వారా పంపే సంకేతాన్ని కూడ రూపొందించాడు. 1926లో హెన్రీ వ్రాసిన ఒక లేఖలో, ఆ విధానాన్ని తీర్చిదిద్దడంలో తన సిబ్బందిలో అందరికంటె ఎక్కువ పాటుపడ్డవాడు హక్ అని అంగీకరించాడు. మాట ఆలస్యంగా వచ్చినా రావలసినచోటు నుంచే వచ్చింది. నీలిఅట్టమీది ముద్రకు యజమానిని గుర్తించిన విద్యకు కూడ అసలు యజమానులను గుర్తించడానికి దాదాపు ముప్పై సంవత్సరాలు పట్టింది.

2022లో మన దేశమంతటి నేరస్థుల ముద్రలను ఒక్కచోట చేర్చే కంప్యూటర్ వ్యవస్థ ప్రారంభమైంది. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలుకు వచ్చింది. వ్రేలిముద్రల నిపుణుల అభిప్రాయానికి అందులోనూ చోటున్నది. అరల బీరువాలో వెదకిన పనిని ఇప్పుడు యంత్రం క్షణాలలో చేస్తుంది. కాని యంత్రం చూపినదాన్ని నిర్ణయించేవాడు మనిషే. 2004 మార్చిలో స్పెయిను రాజధాని మాడ్రిడ్‌లో రైళ్ళమీద బాంబుదాడులు జరిగినప్పుడు, ఒక సంచిమీది అసంపూర్ణ ముద్రను అమెరికా దర్యాప్తు సంస్థ నిపుణులు తమ దేశపు న్యాయవాది ఒకరిదని నిశ్చయించారు. అతన్ని నిర్బంధించారు. రెండు వారాల తరువాత, ఆ ముద్ర వేరొక దేశస్థునిదని స్పెయిను పోలీసులు తేల్చారు. సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది. గీతలు అబద్ధమాడలేదు, తునకను చూచి నిండుముద్ర చూచినంత నమ్మకంతో చెప్పినవారే పొరపడ్డారు.

నూటపాతికేళ్ళ క్రిందటి ఆ అసెసర్ల పేర్లు జనానికి తెలియవు. వారికి సూక్ష్మదర్శిని తెలియదు, సుడుల లెక్కా తెలియదు. ముద్ర చెప్పిన మాటను పూర్తిగా నమ్మారు. అది చెప్పని మాటను దాని నోట పలికించలేదు. విజ్ఞానం ఎంత పెరిగినా తీర్పు చెప్పేవాడు నేర్చుకోవలసిన పాఠం ఈనాటికీ ఇదే.